సాంచాలు చెప్పిన గంట

నాకు ముక్కు మీదే కోపం. దానికి తోడు నోరు ఆగదు. పైగా జగిత్యాలలో పదమూడేళ్లుగా డిగ్రీ పిల్లలకు చరిత్ర పాఠం చెబుతున్నాను. ఇన్ని అవలక్షణాలున్న మనిషిని పెళ్లి మాటలకు తీసుకుపోకూడదు. కానీ మా చెల్లెలి తరఫున మాట్లాడటానికి నేను తప్ప ఎవరున్నారు? అమ్మ పోయి నాలుగేళ్లయింది. బాపు పదిమందిలో నోరు విప్పే మనిషి కాదు. అందుకని ఆ రోజు కోరుట్లలో, ప్లాస్టిక్ కవరు ఇంకా తీయని దుబాయి సోఫా మీద కూర్చుని, పెళ్లికొడుకు తల్లి చూపుడువేలినే చూస్తున్నాను. ఆ వేలు మా చెల్లెలి జాతకచక్రంలో ఒక గడి మీద ఆగి ఉంది.

"గీ నాలుగో ఇంట్ల కుజుడున్నడు బిడ్డా. మా అయ్యగారు మూడుసార్లు చూసిండు. గీ పిల్లను చేసుకుంటే నా కొడుక్కు గండమట. వాడు దుబాయిల పదో అంతస్తు మీద నిలవడి పని చేసేటోడు. నేనెట్ల ఒప్పుకోవాలె చెప్పు?"

ఆమె గొంతులో పొగరు లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది, ఒక్క మాటతో దులిపేసేదాన్ని. ఆమె నిజంగా భయపడుతోంది. మాకేమో టైం లేదు. అబ్బాయి సెలవు ఇంకా పదకొండు రోజులు. విమానం ఎక్కాడంటే మళ్లీ రెండేళ్లకు గానీ రాడు. ఈసారి పెళ్లి చేయకుండా కొడుకును పంపనని ఆమె పట్టు. ఈ సంబంధం కాకపోతే మెట్‌పల్లిలో ఇంకో పిల్లను చూసిపెట్టారు. మా చెల్లె, ఆ అబ్బాయి కథలాపూర్‌లో చుట్టాల పెళ్లిలో కలిశారు. రెండేళ్లుగా ఫోన్లోనే కాపురం చేసినంత పని చేశారు. ఇరవై ఆరేళ్లు వచ్చిన నా చెల్లె మొదటిసారి "నాకు ఈయన కావాలె అక్కా" అని నోరు తెరిచి అడిగింది. అంతకుముందు రెండు సంబంధాలు ఇదే గడి దగ్గర తప్పిపోయాయి.

"దోషం పోవడానికి చెయ్యాల్సింది ఎప్పుడో చేసినం అత్తమ్మా. అరటిచెట్టుకు పెండ్లి గూడ చేసినం" అన్నాను.

"అది చెల్లుతదో చెల్లదో ఎవలకెరుక? మా అయ్యగారు చెల్లదన్నడు."

అంతే, నాకు తిక్క రేగింది. గోడవైపు కూర్చున్న అబ్బాయి నావైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. నేను ఆగలేదు.

"అత్తమ్మా, ఈ పన్నెండు ఇండ్ల లెక్క ఎవరిదో తెలుసా? గ్రీకులది. యవనులని మన పాతకాలపోళ్లు అన్నది వాళ్లనే. ఒక కుర్ర రాజు దేశాల మీద పడి కొట్టుకుంట వచ్చిండు. ఆయన పోయినంక వాళ్ల లెక్క, బాబిలోన్ వాళ్ల చుక్కలు, ఈజిప్టోళ్ల ముచ్చట్లు అన్నీ ఒక్కకాడ కలిసి ఇది తయారైంది. పడవల మీద మన దగ్గరికొచ్చింది. హోర అనే మాట వాళ్లది. కేంద్రమనే మాట వాళ్లది. ఎవని సిపాయిలో మోసుకొచ్చిన లెక్క పట్టుకుని నా చెల్లె నోట్లె మన్ను కొడ్తరా?"

ఆమె పళ్లెంలో ఖర్జూరాలు, సర్వపిండి పెట్టి నా ముందుకు జరిపింది.

"టమాట ఏడికెల్లి అచ్చింది బిడ్డా?"

"బయటి దేశంకెల్లే" అన్నాను.

"మరి పప్పుల ఏస్తున్నవా లేదా?"

"వేస్తున్న."

"ఎవ్వలదో అడిగి ఏస్తున్నవా? గాళ్లు అచ్చిండ్రు, పోయిండ్రు. ఇడిసిపెట్టి పోయింది మనది కాకపోతే ఇంకెవ్వలది? నా కొడుకు దుబాయికెల్లి కంబళి తెచ్చిండు. కప్పుకుంటే నాకు ఎచ్చగుంటదా, అరబ్బోనికి ఎచ్చగుంటదా?"

క్లాసులో గంటసేపు తిప్పి తిప్పి చెప్పే పాఠాన్ని ఆమె కంబళితో తేల్చేసింది. పైగా నాకు వ్యతిరేకంగా.

జగిత్యాల తిరిగొచ్చే బస్సులో నా మీద నాకే మంట. ఆ పాఠమంటే నాకు ప్రాణం. యుద్ధాలను రెండు రోజుల్లో ముగించేసి, యుద్ధం తర్వాతి సంగతికి వారం తీసుకుంటాను. రాజు ముప్పై మూడేళ్లు నిండకుండానే పోయాడు, రాజ్యం ముక్కలైంది, కానీ సిపాయిలు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. అక్కడి ఆడపిల్లల్ని చేసుకున్నారు. నాణేనికి ఒకవైపు వాళ్ల లిపి, ఇంకోవైపు మన లిపి వేయించారు. బుద్ధుడి బొమ్మ చెక్కినప్పుడు వాళ్ల బట్ట మడతలు తొడిగారు. ఒక గ్రీకు దూత ఏకంగా విష్ణువుకు గరుడ స్తంభం నిలబెట్టాడు. ఎవరు ఎవర్ని గెలిచారో చెప్పండర్రా అని అడిగి, పిల్లలు తెల్లమొహం వేస్తే చూసి సంతోషిస్తాను. ఒకసారి వెనక బెంచీ పిల్ల లేచి, "మేడం, మా బాపు దుబాయికెల్లి అచ్చినప్పటి నుంచి రొట్టె ఒద్దు, అరబ్బోళ్ల కుబూస్ చెయ్యమంటడు, గట్లనా?" అంది. అచ్చం గట్లనే అన్నాను. గ్రీకు సిపాయి ఒక్కడు కూడా మన గోదావరి దాకా రాలేదు, కానీ కాలేజీ బయట బోర్డు మీద 'జిల్లా కేంద్రం' అని రాసి ఉంటుంది, ఆ కేంద్రం వాళ్లదే అని చెప్పాను. పిల్లలంతా కిటికీలోంచి బోర్డు చూశారు.

ఇంత తెలిసిన దాన్ని కదా, అందుకే నాకు జాతకాలంటే చులకన. పన్నెండు ఇళ్లు వాళ్లు తెచ్చారు, కుజదోషం మనం ఇంట్లో వండుకున్నాం అని నవ్వేదాన్ని. అమ్మ మంగళవారం మంగళవారం చెల్లెను ఒక్కపొద్దు ఉంచితే నవ్వాను. చెల్లెకు ఇరవై ఒకటో ఏట, దోషం పోవాలని అరటిచెట్టుతో పెళ్లి చేశారు. సిరిసిల్లలో మా ఇంటి వెనక, వాడకట్టు ఆడవాళ్లంతా చూస్తుండగా. పట్టుచీర కట్టి, బాసింగం పెట్టి, చెట్టు బోదెకు పసుపుతాడు కట్టి, తర్వాత ఆ చెట్టును నరికేశారు. చెల్లె తల ఎత్తలేదు. నేను పక్కనే నిలబడి, "మా మరిది శానా నెమ్మదస్తుడు, ఒక్క మాట మాట్లాడడు" అని పరాచికమాడాను. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. చెల్లె నవ్వలేదు. ఆ సంగతి నాకు అప్పుడు పట్టలేదు.

మర్నాడు సిరిసిల్లకు పోయాను. ఇంకా పది రోజులు. చెల్లె బట్టలు కుట్టే కంపెనీలో డ్యూటీకి పోయింది. అబ్బాయి ఫోన్ చేస్తే ఎత్తడం మానేసిందట, అన్నం కూడా సరిగ్గా తినడం లేదట. బాపు చెప్పాడు. బాపు ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. మా దగ్గర మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆ చప్పుడులో బతికీ బతికీ ఆయనకు చెవులు మందగించాయి, మాటలు తగ్గిపోయాయి. ఆ రోజు మాత్రం గోడకు ఆనుకుని తనంతట తానే మొదలుపెట్టాడు.

"అది పుట్టిన నాడు నాకు సేటుతోని తిట్లు పడ్డయి. చెప్పిన గదా నీకు."

చెప్పాడు. చిన్నప్పుడు విన్న కథే. ఊ కొట్టాను.

"ఆ దినం కరెంటు వారం మారింది. మాకెవ్వలకు యాది లేదు. రెండింటికత్తదని హోటల్ కాడ చాయ్ తాక్కుంట కూసున్నం. పన్నెండు కొట్టంగనే అన్ని సాంచాలు ఒక్కపారి మొదలైనయి. ఉరికిన. సేటు గేటు కాడ్నే నిలవడ్డడు. తిట్టుడు తిట్టుడు గాదు. తిట్లు ఒడవకముందే కబురచ్చింది, బిడ్డ పుట్టిందని. సేటుకే నవ్వచ్చింది. పో, పోయి చూసుకోపో అన్నడు."

"పన్నెండా బాపూ?" అన్నాను.

"పన్నెండే."

"రెండు కాదా?"

"రెండైతే నాకు తిట్లెందుకు పడ్తయి?"

చెల్లె జాతకం మీద 'పగలు రెండు గంటలకు' అని ఉంది. ఆ రెండు చెప్పింది నేను.

అప్పుడు నాకు పదకొండేళ్లు. ఇంట్లో గోడ గడియారం ఉండేది కానీ దాని సెల్లు బాపు టార్చిలైటులో వేసుకున్నాడు. మాకు గడియారంతో పనేముంది? కరెంటే మా గడియారం. ఆ రోజుల్లో కరెంటు వంతులవారీగా ఇచ్చేవాళ్లు. పొద్దున పోయిన కరెంటు ఒక వారం పన్నెండింటికి వస్తే, తర్వాతి వారం రెండింటికి వచ్చేది. వాడకట్టులో సాంచాలన్నీ ఒక్కసారి మొదలయ్యేవి, ఆ చప్పుడు వినే ఆడవాళ్లు ఎసరు పెట్టేవాళ్లు, పిల్లల్ని పిలిచేవాళ్లు, ఎవరైనా టైం అడిగితే అదే చెప్పేవాళ్లు. ఆ రోజు లోపల అమ్మ అరుస్తోంది. నేను బయట అరుగు మీద కచ్చకాయలు ఆడుతున్నాను. నాయనమ్మ తలుపు సందులోంచి తల పెట్టి, "పొల్లా, పుట్టింది! టైమెంతయిందో చూసి రాపో, జల్ది!" అని కేకేసింది. గడియారం ఉన్నది వాడ చివర సేటు ఇంట్లో. నేను గెలుస్తున్నాను. లేచి నాలుగడుగులు వేశానో లేదో, సాంచాలు మొదలయ్యాయి. పోయిన వారమంతా రెండింటికి మొదలయ్యాయి కదా అనుకున్నాను. అక్కడి నుంచే వెనక్కి తిరిగి, "రెండు!" అని అరిచాను. నాయనమ్మ తలుపు వేసుకుంది. నేను పోయి మళ్లీ కచ్చకాయలు పట్టుకున్నాను.

ఇరవై ఒకటో రోజున నాయనమ్మ అయ్యగారికి ఆ రెండే చెప్పింది. బాపు ఆ కాగితం ఎప్పుడూ చూడలేదు, జాతకం ఆడవాళ్ల పని అనుకున్నాడు. రెండు గంటల తేడా అంటే ఒక ఇల్లు తేడా. పన్నెండింటికి పుట్టిన పిల్లకు కుజుడు నాలుగో ఇంట్లో ఉండడు, ఐదో ఇంట్లో ఉంటాడు. ఐదో ఇంట్లో ఉంటే దోషం లేదు. ఫోన్లో ఒక జాతకం యాప్ పెట్టుకుని ఆరుసార్లు చూశాను. ఆరుసార్లూ ఐదే.

ఛీ, నా బతుకు! నమ్మేవాళ్లను చూసి ఇన్నేళ్లు ఎగతాళి చేశాను. వాళ్లు నమ్మింది గ్రీకుల్నీ కాదు, ఋషుల్నీ కాదు, నన్ను. దారిన పోయే సిపాయి ఏదో పడేసి పోతే వెయ్యేళ్లు దాన్ని మోశారని పాఠం చెప్పేదాన్ని. నేను ఒక మాట పడేసి కచ్చకాయలకు పోయాను. దాని మీద ఒక్కపొద్దులు వచ్చాయి, అరటిచెట్టు వచ్చింది, రెండు సంబంధాలు పోయాయి. ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. ఎందుకు అడుగుతారు? ఇంట్లోని మాటే కదా.

పెళ్లి నిలబడే దారి దొరికింది. సంతోషపడాలి. కానీ చెప్పాలంటే చెల్లెకు కూడా తెలుస్తుంది. నిజం ఒప్పుకుంటాను, నాకు వచ్చిన మొదటి ఆలోచన చెల్లెకు తెలియకుండా పని చక్కబెట్టుకోవాలనే. బాపుకు కూడా అసలు సంగతి చెప్పకుండా మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి ఒక్కదాన్నే కోరుట్ల బస్సెక్కాను. తొమ్మిది రోజులున్నాయి.

అబ్బాయి తల్లి అంతా విన్నది. చాటలో బియ్యం ఏరుతూనే విన్నది.

"అక్క అచ్చి చెప్తే టైం మారుతదా బిడ్డా? మొన్న యవనులన్నవ్. ఇయ్యాల కరెంటంటున్నవ్. రేపు ఇంకోటంటవ్."

"ఒట్టు అత్తమ్మా. నిజం."

"నిజమైతే నీ చెల్లెను, మీ బాపును తీస్కరా. అయ్యగారి ముంగట మీ బాపు చెప్పాలె. నువ్వు చేసింది నువ్వు చెప్పాలె. ఆ పిల్ల మొకం చూస్తే నాకు సమజైతది, నిజమా, కథలల్లిండ్రా అని."

"చెల్లెకు చెప్పకుంట కాదా?"

చాటలోంచి తలెత్తింది. "దానికింక చెప్పలేదా?" అంది. నేను నేల చూశాను. "గిదేం అక్కవే తల్లీ" అని చాట పక్కన పెట్టింది.

ఆ తర్వాత రెండు రోజులు జగిత్యాలలోనే ఉండిపోయాను. పొద్దున లేచి సిరిసిల్ల పోదామనుకోవడం, క్లాసు ఉందని సాకు చెప్పుకోవడం. ఫోన్ తీసి చెల్లె నంబరు నొక్కి, మోగకముందే కట్ చేయడం. అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా అని పిల్లల్ని కసురుకునే నేను, అమావాస్య ఆగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. చెప్తే చెల్లె నన్ను వదిలేస్తుంది. చెప్పకపోతే అబ్బాయి మెట్‌పల్లి పిల్లను చేసుకుంటాడు. రెండో రోజు క్లాసులో నాణేల పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఒక పిల్ల "మేడం, పాణం మంచిగ లేదా?" అని అడిగింది. లేదని చెప్పి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, నేరుగా బస్టాండుకు నడిచాను. అప్పటికి ఏడు రోజులున్నాయి.

నేను పోయేసరికి చెల్లె అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కుళాయి దగ్గర టిఫిన్ డబ్బా తోముతోంది. పక్కన నిలబడి చెప్పేశాను. చుట్టూ తిప్పలేదు.

చెల్లె డబ్బా తోముతూనే ఉంది. "నువ్వు పోలే?" అంది.

"పోలే."

"సేటింటిదాక ఎంతున్నది, గీ వాడ చివర్నే గదా?"

"గీడ్నే."

"మరెందుకు పోలే?"

"కచ్చకాయల ఆటల గెలుస్తున్న."

"కచ్చకాయలు" అంది మెల్లగా. కుళాయి కట్టేసింది. డబ్బా మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"ఆ అరటిచెట్టు కాడ నువ్వు నవ్వినవ్ అక్కా. మంది నవ్వితే నాకు ఏమనిపియ్యలే. నువ్వు సదువుకున్నదానివి, నువ్వన్న వచ్చి ఇదంత బంజెయ్యిమని గుంజుకపోతవేమో అని నీ దిక్కే చూసిన. నువ్వు నవ్విపిచ్చినవ్."

లోపలికి పోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. అలిగి మాట్లాడకపోవడం కాదది. నీళ్లు కావాలా అని అడిగితే బాపుతో "వద్దని చెప్పు" అనేది. నేను ఆ గదిలో లేనట్టే నడిచేది. కోపమంటే నాదే అనుకున్నాను ఇన్నాళ్లూ. నాది ఉత్త పొంగు. చెల్లె కోపం ముందు నేను నిలబడలేకపోయాను.

కోరుట్ల వస్తుందో రాదో కూడా చెప్పలేదు. ఆరు రోజులు మిగిలి ఉండగా, పొద్దున్నే చీర కట్టుకుని బాపు చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేను వెనకే నడిచాను. బస్సులో బాపు పక్కన కూర్చుంది. నేను వెనక సీటులో దాని జడను చూస్తూ కూర్చున్నాను.

కోరుట్లలో అయ్యగారు ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. బాపు తన కథ చెప్పాడు, చాయ్, గేటు, తిట్లు అన్నీ. నా వంతు వచ్చింది. అందరి ముందూ చెప్పాను. కచ్చకాయల సంగతి కూడా దాచలేదు. అబ్బాయి తల్లి నన్ను చూడలేదు, చెల్లె మొహాన్నే చూస్తోంది. ఏం కనిపించిందో గాని, "నిజమే అయ్యగారూ, చూడుండ్రి" అంది. అయ్యగారు ఫోన్ తీసి, పుట్టిన తేదీ, పన్నెండు గంటలు కొట్టాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. కాగితం మీద మళ్లీ చక్రం గీశాడు.

"కుజుడు ఐదింట్ల పడ్డడు. దోషం లేదు" అన్నాడు.

అబ్బాయి తల్లి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "నీ కడుపు సల్లగుండ బిడ్డా, రా" అని చెల్లెను దగ్గరికి పిలిచింది. చెల్లె కదల్లేదు.

"అత్తమ్మా, ఒక్క మాట అడుగుత. గా పాత కాయితమే నిజమైతే, నన్ను ఒద్దనేదానివా?"

ఇప్పుడెందుకే ఇదంతా అనబోయి, మింగేశాను.

"అబద్ధమెందుకాడాలె బిడ్డా. ఒద్దనేదాన్ని" అంది ఆమె. "మాయన దుబాయికెల్లి పీనిగై పెట్టెల అచ్చిండు. వీనికి అప్పుడు తొమ్మిదేండ్లు. గప్పట్నుంచి ఎవలేది చెప్పినా నాకు భయమే. ఇంక మల్ల కొడుకును గాడికే పంపుతున్న. నాకు నమ్ముడు తప్ప ఇంకేం చేతనైతది?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఈమెకా నేను సిపాయిల కథ చెప్పింది! చెల్లె ఆమె చేయి పట్టుకుంది. పట్టుకునే అబ్బాయి వైపు తిరిగింది.

"మరి నువ్వు?"

అబ్బాయి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తల్లిని చూశాడు, నేలను చూశాడు. నేను గోళ్లు కొరుక్కుంటున్నాను. వీడు గనక ఇప్పుడు 'అమ్మ ఎట్లంటే గట్ల' అన్నాడా, చెల్లె లేచి బస్టాండుకు పోతుంది. దాన్ని నేనెరుగుదును.

"టికెట్ ఎనుకకు జరుపుకున్న" అన్నాడు.

"ఏంది?" అంది తల్లి.

"ఇరవై దినాలు. నౌకరి పోతె పోనీ అనుకునే మా అరబ్బోనికి ఫోన్ చేసిన. వాడు తిట్టిండు. ఖల్లివల్లి, ఏమన్న చేస్కో అన్న."

"ఎప్పుడు?" అంది చెల్లె.

"నువ్వు ఫోన్ ఎత్తని నాడు. గీ టైం ముచ్చట ఎవ్వలకు తెల్వకముందే. అమ్మను ఒప్పిద్దామనే. ఎట్ల ఒప్పియ్యాల్నో మాత్రం తెల్వలే."

"నాకు చెప్పకుంటనా!" తల్లి లేచింది.

"చెప్తే తిడ్తవని."

"ఇప్పుడు తిట్టనా మరి?"

తిట్టింది. పావుగంట తిట్టింది. చెల్లె తల వంచుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని వంగి చూశాను. నవ్వుతోంది. బాపుకు సగం వినిపించక, ఏమైంది, ఏమైంది అని నన్ను గిచ్చుతున్నాడు.

అయ్యగారు పంచాంగం తిరగేసి, పదిహేను రోజుల్లో ఒకే దినం బాగుందని, అందులో రెండు ముహూర్తాలున్నాయని చెప్పాడు. ఒకటి పొద్దున పదిన్నరకు, ఇంకోటి మధ్యాహ్నం రెండింటికి. పదిన్నరదే మేలు, వంటలకు అనుకూలం అన్నాడు.

"రెండింటిదే పెట్టుండ్రి" అంది చెల్లె.

"మంది ఆకలికి ఆగద్దా బిడ్డా?" అన్నాడు అయ్యగారు.

"ఇరవై ఆరేండ్లు ఆ గంట నాదే అనుకున్న. దాన్ని ఉత్తగ ఇడిసిపెట్ట" అంది. నావైపు చూడలేదు.

పెళ్లి సిరిసిల్లలో. పదిహేను రోజులూ పనుల్లో పడి కొట్టుకున్నాను. చీరలు తెచ్చాను, ఫంక్షన్ హాలు మాట్లాడాను, వంటవాళ్లతో తగాదా పడ్డాను. చెల్లె నాతో మాట్లాడలేదు. పసుపు రాసేటప్పుడు అందరి బుగ్గలకూ రాసింది, నా దగ్గరికి వచ్చేసరికి గిన్నె పక్కవాళ్లకు ఇచ్చింది. చుట్టాలు చూశారు. నేను నవ్వేసి, వంటల దగ్గరికి పోయి, ఉల్లిగడ్డలు కోసే ఆడవాళ్ల మధ్య కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. అక్కడైతే ఎవరూ ఎందుకని అడగరు.

పెళ్లినాడు హాలు నిండింది. రెండింటికి ముహూర్తమంటే ముందే తినిపించండని గోల. పెళ్లికొడుకు వచ్చి కూర్చున్నాడు. అడ్డుతెర పట్టారు. తెరకు ఇవతల చెల్లె, చేతిలో జీలకర్ర బెల్లం ముద్ద. నేను వెనక నిలబడి దాని చీర కుచ్చిళ్లు సర్దుతున్నాను. పక్క వాడలోంచి సాంచాల చప్పుడు వస్తోంది. ఇప్పుడు కరెంటు పోవడం లేదు, పొద్దంతా నడుస్తూనే ఉంటాయి, వాటిని వింటే ఏ గంటో తెలియదు. అయ్యగారు మంత్రం ఆపి తల ఎత్తాడు. "టైమెంతయింది?" అన్నాడు. పది ఫోన్లు లేచాయి. పదిమందీ ఏదో చెప్పబోయారు.

చెల్లె తల తిప్పింది. బాసింగం పక్కనుంచి నేరుగా నా కళ్లలోకి చూసింది.

"అక్కా, టైమెంతయిందో చూసి రాపో. జల్ది."

నాయనమ్మ అన్న మాటలే. పదహారు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

నా చేతిలో ఫోన్ ఉంది. దాన్ని చూడలేదు. చీర ఎత్తిపట్టుకుని, మంది కాళ్లు తొక్కుకుంటూ, హాలు గేటు మీద ఉన్న గోడ గడియారం దాకా ఉరికాను. ముల్లు కదులుతోందా లేదా అని నిలబడి చూశాను. కదులుతోంది. కుర్చీలో కూర్చున్న ముసలాయన మణికట్టు పట్టుకుని ఆయన గడియారం కూడా చూశాను. ఆయన బిత్తరపోయాడు. మళ్లీ ఉరికి వచ్చాను. రొప్పుతున్నాను.

"ఇంక నాలుగు నిమిషాలున్నది" అన్నాను.

"మంచిగ చూసినవా?"

"చూసిన. రెండు గడియారాలు చూసిన."

"అయితే గీడ్నే నిలవడు" అంది చెల్లె, తెర వైపు తిరుగుతూ. నిలబడ్డాను.